'తర్వాత' అనే ఫోల్డర్

మా అప్ప ఫొటో ఒకటి ఒక పాత కంప్యూటర్లో ఉండేది. ఇంకెక్కడా లేదు. ముందు ఆ కంప్యూటర్ పోయింది, దాంతో ఫొటో పోయింది, ఆ తర్వాత మా అప్ప పోయింది. ఈ వరస కొంచెం అటూ ఇటూ అయ్యుంటే నాకింత బాధ ఉండేది కాదు.

అక్కని మా వైపు అప్ప అంటాం. మా అమ్మ పొలం పనుల్లో ఉంటే నన్ను చంకనేసుకుని తిరిగింది ఆవిడే. పెళ్ళయి కంచరపాలెం వచ్చింది. ఆవిడ భర్త పోర్టులో కలాసీ. ఇంకా పిల్లలు పుట్టకముందే, ఆవిడకి పాతికేళ్ళు నిండకముందే, డ్యూటీలో గుండె ఆగి పోయాడు. పెద్ద కార్యం రోజున మా ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళే ఆవిడ బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టారు. నేను గుమ్మం బయట నిలబడి ఉన్నాను. లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఏడుస్తున్నది ఒక్కరు కాదు. ఆ చెరిపేవాళ్ళూ ఏడుస్తూనే చెరిపారు.

తర్వాత నాకు పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. నేనూ కంచరపాలెంలోనే ఇల్లు తీసుకున్నాను, అప్ప మాతోనే ఉండిపోయింది. ఇంటి ముందు గదిలో పిండిమర పెట్టుకుంది. పొద్దున్నుంచీ ఆ దుమ్ములో నిలబడి సాయంత్రానికి కనుబొమ్మలతో సహా తెల్లగా అయిపోయేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. బియ్యం నానబెట్టకుండా పట్టుకొచ్చిన వాళ్ళని, గోధుమల్లో రాళ్ళేరకుండా తెచ్చిన వాళ్ళని కడిగి పారేసేది. వీధంతా ఆవిడంటే భయం, ఆవిడ దగ్గరికే రావడం.

మా ఇంట్లో ఆవిణ్ణి బొట్టు పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. పెట్టుకోమనీ ఎవరూ అనలేదు. కాలం మారింది, ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారని మేం ఆఫీసుల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. పెళ్ళి పిలుపులు వస్తే మాత్రం ఆవిడ ఇంట్లో ఉండేది, మేం వెళ్ళేవాళ్ళం. "ముత్తయిదువుల మజ్జిన నానెందుకురా, మర మూసీసి నానెక్కడికొత్తాను" అనేది. సరేలే అని బయల్దేరేవాళ్ళం.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. మా వీధి చివర, రైల్వే గేటుకి ఇవతల ఒక ఫొటో స్టూడియో ఉంది. దాని యజమాని వరసకి నాకేమీ కాడు. మా ప్రాంతంలో మగాడూ మగాడూ బావా అనుకోవడం అలవాటు గనక ఆయన నాకు బావ, నేను ఆయనకి బావ. ఆ మాటకొస్తే వీధి మొత్తానికీ ఆయన బావే. స్టూడియోలో రెండు కంప్యూటర్లు. కొత్తది ముందు బల్ల మీద, ఆధార్ ప్రింట్లకీ పాస్‌పోర్టు సైజు ఫొటోలకీ. పాతది తెర వెనక గదిలో. అసలు పనంతా పాతదాని మీదే. పెద్ద ప్రింటరు, పాత ఫొటోలు ఎక్కించే స్కానరు, పెళ్ళి ఆల్బమ్‌లు చేసే సాఫ్ట్‌వేరు, అన్నీ దాని మాటే వినేవి.

దాంట్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టం ఎంత పాతదంటే, చేసిన కంపెనీయే ఏళ్ళ కిందట చేతులు దులిపేసుకుంది. ఇక దానికి మరమ్మతులు పంపం, మీ పాట్లు మీరు పడండి అని చెప్పేసింది. ఆన్ చెయ్యగానే కింద మూలన ఒక హెచ్చరిక వచ్చేది, మీ కంప్యూటర్‌కి రక్షణ లేదు అని. మా బావ దాన్ని అన్నం మీద ఈగని తోలినట్టు మౌస్‌తో తోలేసి పనిలో పడేవాడు.

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఒకాయన ఉన్నాడు. మనిషి మహా పొగరుబోతు. ఓడ రేవులోకి వస్తోంది, కాగితాలు పంపాలి మొర్రో అని మేం మొత్తుకుంటుంటే అప్‌డేట్ అంటూ కంప్యూటర్లన్నీ ఆపి కూర్చునేవాడు. ఒకసారి నేను దెబ్బలాటకి దిగితే ఆయన ఒక మాట చెప్పాడు. ఏ సిస్టంలోనైనా కన్నాలుంటాయట. కన్నం బయటపడ్డప్పుడల్లా కంపెనీ వాళ్ళు దాన్ని పూడ్చే మరమ్మతు పంపుతారట. పాతదానికి పూడ్చే దిక్కు లేదు. ఇంకా ఘోరమేమిటంటే, కొత్తదానికి మరమ్మతు పంపిన రోజునే ఆ కన్నం ఎక్కడుందో దొంగలకీ తెలిసిపోతుంది. అదే కన్నం పాతదాంట్లోనూ ఉంటుంది కదా, తిన్నగా అక్కడికే పోతారట. "కాపలా ఉన్న ఇల్లు వదిలేసి కాపలా లేని ఇల్లు చూసుకుంటారండీ, దొంగలకి బుర్ర లేదా?" అన్నాడు. ఆయన పొగరు సంగతి ఎలా ఉన్నా, ఆ మాట నా మనసులో పడింది.

ఆ సాయంత్రమే వెళ్ళి మా బావకి చెప్పాను. "మార్సీ బావా దీన్ని. ఎప్పుడో కొంప ములిగిపోద్ది."

"మారిస్తే నా ప్రింటర్ని నీ నెత్తిన ఎట్టుకుంటావేటి?" అన్నాడు. "కొత్త సిస్టానికి ఇది పలకదు బావా. సూసీసినాను. కొత్త కోడలు పితికితే పాత గేదె పాలిస్తాదేటి?"

"మరి దొంగలో?"

"నెట్టు వైరు పీకీసినానుగదా. ఏ దార్న వత్తారు? నా పెళ్ళి ఆల్బమ్‌లు ఎత్తుకెళ్ళి ఏటి సేసుకుంటారు, సూసి భోజనానికి ఎల్తారేటి?"

ఆ మాటకి ఇద్దరం నవ్వాం. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆయన ఊరికే నవ్వి ఊరుకోలేదు. వైరు పీకడమే కాదు, కంప్యూటర్ తెర పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'దీనికి పెన్ డ్రైవ్ పెట్టరాదు' అని రాసి అంటించాడు. ఎవరు ఏది తెచ్చినా ముందు కొత్తదానికి పెట్టి, వైరస్ ఉందేమో చూసి, అప్పుడు తన సొంత పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి లోపలికి తీసుకెళ్ళేవాడు. ఇంకో హార్డ్ డిస్క్ కొని అన్నిటికీ కాపీ పెట్టాడు కూడా. ఆ హార్డ్ డిస్క్‌ని మాత్రం ఎప్పుడూ ఆ పాత కంప్యూటర్‌కే తగిలించి ఉంచేవాడు. తాళాన్నీ తాళంచెవినీ ఒకే మేకుకి తగిలించినట్టు.

ఆ పాత కంప్యూటర్లో 'తర్వాత' అని ఒక ఫోల్డర్ ఉండేది. ఇది మా కంచరపాలెం వాళ్ళకి తప్ప వేరేవాళ్ళకి అర్థం కాదేమో. మా వాళ్ళలో మనిషి పోగానే ముందు కావలసింది ఫొటో. సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టాలి, శవం లేచే లోపల అది పడాలి. ఆ తర్వాత గోడకి ఫ్రేమ్ కట్టిన పెద్ద ఫొటో, దండతో. అవసరం వచ్చినప్పుడు చూస్తే ఒక్క మంచి ఫొటో ఉండదు. సెల్ ఫోన్లో ఉన్నవాటిలో మనిషి సగమే ఉంటాడు, పక్కవాడి భుజం ఉంటుంది. అందుకని పెద్దవాళ్ళు కొందరు మొహం బాగున్నప్పుడే వెళ్ళి ముందుగా తీయించుకుంటారు. కోటు లేనివాళ్ళు స్టూడియో కోటు తొడుక్కుంటారు. తీయించుకున్న ఫొటోని మాత్రం ఇంటికి తీసుకెళ్ళరు. బతికున్న మనిషి ఒంటరి ఫొటో పెద్దది చేసి ఇంట్లో పెట్టుకుంటే చావుని ఏరికోరి పిలిచినట్టే అంటారు. కాగితం మీద ప్రింటు కూడా వెయ్యనివ్వరు. "నీకాడే ఉంచు బావా. అవసరం పడ్డప్పుడు మావోళ్ళొచ్చి పట్టుకెల్తారు" అని చెప్పి పోతారు. అలా ఆ ముసలివాళ్ళ ఫొటోలన్నీ 'తర్వాత'లో ఉండేవి. బతికున్నవాళ్ళంతా వరసగా కూర్చుని, నవ్వుతూ, తమ వంతు కోసం చూస్తున్నారు. ఒకసారి నేను చూడబోతే బావ తెర ఆపేశాడు. "అది సూడకూడదు బావా" అన్నాడు.

ఆ ఫోల్డర్లో మా అప్ప కూడా ఉందని నాకు తెలియదు.

ఒక రోజు మధ్యాహ్నం మా పక్క వీధిలో ఒకాయన పోయాడు. హైవే మీద లారీ గుద్దేసింది. వయసులో ఉన్నవాడు, ఇద్దరు చిన్నపిల్లలు. చుట్టాలు పెన్ డ్రైవ్ పట్టుకుని స్టూడియోకి పరిగెత్తుకొచ్చారు. దాంట్లో ఎవరిదో పెళ్ళిలో ఆయన దిగిన ఫొటో ఉంది. బావ అలవాటు ప్రకారం కొత్త కంప్యూటర్‌కి పెట్టాడు. అది వైరస్ వెతుకుతూ కూర్చుంది, పచ్చగీత నత్తలా నడుస్తోంది. అవతల శవాన్ని ఆసుపత్రి నుంచి తెచ్చేశారు, లేపేస్తారు. వచ్చినవాళ్ళలో ఒక ఆడమనిషి స్టూడియో మెట్ల మీద కూలబడి తల బాదుకుంటోంది. అలాంటప్పుడు 'ఉండండి, వైరస్ చూస్తున్నాను' అని ఎవరనగలరు? మాలో చావింటి పనికి వేచి ఉండమని చెప్పే పద్ధతి లేదు. కిరాణా కొట్టువాడు కూడా మిగతా బేరాలు ఆపి చావింటివాళ్ళకి ముందు తూచి ఇస్తాడు. బావ ఆ పెన్ డ్రైవ్‌ని లాగి, తన చేత్తో తను రాసుకున్న ఎర్ర అక్షరాల కిందే, పాతదానికి పెట్టేశాడు.

పాత సిస్టంకి ఒక అలవాటు ఉందట. పెన్ డ్రైవ్ పెట్టగానే ఎవరూ చెప్పకుండానే తెరిచి, లోపల ఏదుంటే దాన్ని నడిపించేస్తుందట. కొత్తవి ఆ అలవాటు ఎప్పుడో మానుకున్నాయి. ఇవన్నీ మా ఆఫీసాయన తర్వాత చెప్పాడు. చేతులు కాలాక ఎన్ని ఆకులైనా పట్టుకోవచ్చు.

ఫ్లెక్సీ మాత్రం వేళకి పడింది. మర్నాడు పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే బావ ఫోన్ చేశాడు. "ఓసారి రా బావా. నా కంప్యూటర్ ఏటో ఇంగ్లీషులో తిడతంది."

వెళ్ళాను. తెరంతా ఎర్రగా ఉంది. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, డబ్బు పంపితే తెరుస్తాం, గడువు దాటితే అంతే సంగతులు అని రాసి ఉంది. పక్కన ఒక గడియారం వెనక్కి తిరుగుతోంది. నెట్టు లేకపోతే దొంగ రాడనుకున్నాం. దొంగ జేబులో కూర్చుని వచ్చాడు. వాడికి మా బావ ఎవరో తెలియదు, కంచరపాలెం ఎక్కడుందో తెలియదు. ఎవరో ఎక్కడో వదిలిన పురుగు పెన్ డ్రైవ్ నుంచి పెన్ డ్రైవ్‌కి పాక్కుంటూ వచ్చి, కాపలా లేని ఇల్లు చూసుకుని దూరింది. పెళ్ళిళ్ళు, అన్నప్రాశనలు, బడి గ్రూపు ఫొటోలు, అన్నీ పేర్లు మారిపోయి తెల్లకాగితం బొమ్మల్లా ఉన్నాయి. తగిలించి ఉంచిన హార్డ్ డిస్క్‌లో కాపీలకీ అదే గతి. నేను పెద్దగా అరిచాను. "సెప్పినాను కదా బావా! లక్షసార్లు సెప్పినాను కదా! సెవిటోడి ముందు శంఖం ఊదినట్టయిపోనాది!"

ఆయన మౌస్‌ని అటూ ఇటూ కదుపుతూనే ఉన్నాడు. నా మొహంకేసి కూడా చూడలేదు. అరుపులకి నొచ్చుకున్నాడేమో అనుకున్నాను.

డిస్క్ పట్టుకెళ్ళి మా ఆఫీసాయనకి చూపించాం. ఆయన మొదటిసారి పొగరు లేకుండా మాట్లాడాడు. "తాళం వేసినవాడి దగ్గరే తాళంచెవి ఉందండీ. డబ్బు పంపినా ఇస్తాడన్న నమ్మకం లేదు, పంపొద్దు. ఎప్పుడైనా ఎవరైనా దీన్ని విప్పే మార్గం కనిపెట్టొచ్చు. డిస్క్ పారెయ్యకండి" అన్నాడు. బావ దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు. అది అలా ఉంది.

తర్వాత నెలల్లో బావ చేసిన పని ఒక్కటే. 'తర్వాత'లో ఉన్నవాళ్ళలో గుర్తున్నవాళ్ళనల్లా వెతుక్కుంటూ వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చోమని బతిమాలడం. కొందరు తిట్టారు, అపశకునం అని తలుపేసుకున్నారు. మల్కాపురంలో రిఫైనరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం పకపకా నవ్వి, "అప్పుడు పళ్ళు లేవోయ్, ఇప్పుడు కట్టించుకున్నాను, ఇంకా బాగొత్తాను" అని వచ్చి కూర్చున్నాడట. రాగలిగినవాళ్ళు వచ్చారు. కొందరు పోయారు కూడా, వాళ్ళకి ఆధార్ కార్డు ఫొటోలే గోడకెక్కాయి.

ఆ రోజుల్లోనే ఒకసారి బావ మా ఇంటికొచ్చి పిండిమర ముందు చాలాసేపు నిలబడ్డాడు. అప్పకి అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్‌కి వెళ్ళొస్తోంది. మొహం వాచిపోయి, రంగు మారిపోయి, కళ్ళు లోపలికి పోయాయి. మర మూసేశాం గాని ఆవిడ కుర్చీ అక్కడే వేసుకుని కూర్చునేది. "ఏటి బావా, పిండికొచ్చినావా?" అని అడిగింది ఆయన్ని. "ఏటీ లేదప్పా, ఊరికే" అని ఆయన వెళ్ళిపోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాకేమీ తట్టలేదు.

ఆవిడ మంచం పట్టాక ఒక మధ్యాహ్నం నా భార్య మందులకి బయటికెళ్ళింది. అప్ప నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేయమంది.

"ఒరే, నాను పోయాక గోడకి ఆ ఆధార్ ఫొటో ఎట్టీకండ్రా. దొంగలాగుంటాను దాంట్లో."

"ఇప్పుడా మాటలెందుకప్పా?"

"నోర్మూసుకుని ఇను. స్టూడియోలో నా ఫొటో ఒకటుంది. బావని అడుగు, ఇత్తాడు. బొట్టెట్టుకుని తీయించుకున్నాను."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"మీరంతా పెళ్ళికెల్లినారు సూడు, గాజువాక. ఆ రోజు. మర మూసీసి, తానం సేసి, బొట్టెట్టుకుని, పూలెట్టుకుని ఎల్లాను. కొంగు నెత్తిమీదికి లాక్కుని ఎల్లాను, వీధిలో ఎవులూ సూడకుండా. బావ కుర్సీ యేసినాడు. నాను సక్కగా కూకున్నాను." కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. "తిరిగొచ్చీటప్పుడు పంపుకాడ కడిగీసుకున్నాను."

ఆ పెళ్ళి నాకు బాగా గుర్తుంది. నా భార్య పట్టుచీర కట్టుకుంది. అందరికీ పసుపు కుంకుమలు పంచారు. మేం అక్కడ భోజనాలు చేస్తున్న వేళకి ఈవిడ ఇక్కడ తన ఇంటి నుంచి తనే దొంగలా బయటికెళ్ళి, తన మొహం తను ఒక్కసారి చూపించుకుని, వీధి పంపు దగ్గర కడిగేసుకుని వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరిమీదో ఇప్పటికీ తేలలేదు, ఆ ఎవరిలో నేనూ ఉన్నాను గనక.

"ఎవులేటన్నా అదే ఎట్టాల. పోయిన మీ బావగారి అప్పచెల్లెళ్ళొచ్చి గోల సేత్తారు. ఇనకు. ఒట్టెయ్యి."

చేతిలో చెయ్యి వేసి ఒట్టేశాను. చెయ్యి తీశాక గాని నాకా ఎర్ర తెర గుర్తుకు రాలేదు.

స్టూడియోకి పరిగెత్తాను. నన్ను చూడగానే బావకి అర్థమైపోయింది. కెమెరా కింద పెట్టేశాడు.

"ఉందా లేదా?" అన్నాను.

"లేదు బావా. దాంట్లోనే పోనాది."

"కెమెరా కార్డో?"

"ఆటిమీద ఎన్ని పెళ్ళిళ్ళు తీసినానో. ఎప్పుడో సెరిగిపోనాది."

"నీకు తెలుసును. తెలిసీ నాకు సెప్పలేదు!"

"సెప్పొద్దని ఒట్టేయించుకుంది బావా. పోయినాకే నీ సేతికిమ్మంది. మళ్ళీ తీద్దారని వచ్చినాను, మీ ఇంటికొచ్చినాను. ఆ మొహం సూసి ఎలగ సెప్పను? సచ్చిపోతన్నదానికి నీ ఫొటో పోనాదని ఎలగ సెప్పను?" అని, అంత మనిషీ గుక్కపట్టి ఏడ్చాడు. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి, తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. చావింటివాళ్ళని నిలబెట్టలేకపోవడం ఆయన తప్పా? ఆ పాత సిస్టం పట్టుకుని వేలాడటం తప్పే. ప్రింటరూ స్కానరూ పనిచేస్తున్నాయి కదా అని వేలాడాడు. ఏదైనా పనిచేస్తున్నంతకాలం మనం ముట్టుకోం. ఇంట్లో మనుషుల్నీ అలాగే వదిలేస్తాం, పనిచేస్తున్నారు కదా అని.

ఇంటికి వచ్చేటప్పటికి అప్ప మెలకువగానే ఉంది. గోడకి ఆనుకుని కూర్చోబెట్టమంది. నా మొహంకేసి ఆశగా చూసింది. జీవితంలో ఆవిడ దేనికీ అలా చూడలేదు.

"సూసినావా?"

"చూశాను."

"ఎలగున్నాను?"

"మహలక్ష్మిలా ఉన్నావప్పా."

ఆవిడ నవ్వింది. వాచిన మొహంలో ఆ నవ్వు విచ్చుకోడానికి ఎంతోసేపు పట్టింది. "బొట్టు మరీ పెద్దదయిపోనాదేటో అనుకున్నాను. సెయ్యి వొణికింది."

"లేదు. సరిగ్గా సరిపోయింది."

నాకు మెల్లగా ధైర్యం వచ్చింది. ఇంకోటి కూడా తీద్దామా, ఇప్పుడు బావని ఇంటికే పిలుస్తాను, మేమంతా ఉంటాం, నా భార్య పూలు పెడుతుంది అన్నాను. ఆవిడ చెయ్యి ఊపేసింది. "ఈ మొహానికా? ఉందిగదరా ఒకటి. అది సాలు." తర్వాత మళ్ళీ అడిగింది. "సీర బాగుందా?"

చీర గురించి బావ నాకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆవిడ నాకేసే చూస్తోంది. ఆలస్యం చేస్తే దొరికిపోతానని భయమేసి, "ఆ ఎర్రచీర నీకు బాగా నప్పిందప్పా" అన్నాను.

ఆవిడ నా మొహం చూస్తూ కొంచెంసేపు ఉంది. "అలగైతే సరే" అంది చివరికి. పడుకోబెట్టమని గోడవైపు తిరిగింది. ఫొటో మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ వారంలోనే పోయింది.

గోడకి ఆధార్ ఫొటోయే పెట్టాం. బావ కొత్త కంప్యూటర్లో దాన్ని బాగుచేసి, నేను చెప్పినట్టే నుదుటి మీద బొట్టు పెట్టాడు. అప్ప ఆడపడుచు అది చూసి, "మొగుడు పోనదానికి బొట్టేటి?" అని లేచింది. "నా ఇల్లు, నా అప్ప, నా గోడ. ఇష్టం లేకపోతే సూడకండి!" అని అందరి ముందూ అరిచాను. నోరు మూసుకున్నారు. కానీ ఆ బొట్టు ఆవిడ పెట్టుకున్నది కాదు. ఆ ఫొటోలో ఆవిడ ప్రభుత్వపు కెమెరాకేసి కోపంగా చూస్తోంది, ఎవరో వచ్చి నుదుటి మీద చుక్క అంటించి వెళ్ళారు, అంతే. అటువైపు వెళ్ళినప్పుడల్లా తల దించుకుని వెళ్తాను.

కార్యం అయ్యాక నా భార్య అప్ప పెట్టె సర్దింది. చీరలన్నీ బూడిదరంగువీ, లేత రంగువీ. ఎర్రది లేదు. పెట్టె మూసి నేను తిన్నగా స్టూడియోకి వెళ్ళాను.

"బావా, ఆ రోజు మా అప్ప ఏ సీర కట్టుకుంది?"

"ఎర్రది" అన్నాడు వెంటనే. నా గుండె కుదుటపడింది. అంతలోనే నుదురు రుద్దుకున్నాడు. "కాదు కాదు. ఎర్రసీర ఆ ఎనక పాపని ఎత్తుకొచ్చినావిడది. మీ అప్పది పచ్చదేమో. ఎవుల్దగ్గిరో అడిగి తెచ్చుకుందేమో. లేకపోతే ఎప్పుడూ కట్టుకునీదేనేటి?" కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నాడు. "బొట్టు గేపకముంది బావా. ఒణుకుతా కూకుంది, అదీ గేపకముంది. సీర గేపకం రాట్లేదు. రోజుకి ఎంతమందిని తీత్తాను..."

పరవాలేదులే అన్నాను. ఆ చీర రంగు తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు పోయారు, ఒకరు మర్చిపోయారు. నేను ఎర్రచీర అన్నప్పుడు ఆవిడ నన్ను నమ్మిందో, ఫొటో పోయిందని అప్పుడే తెలుసుకుని నన్ను క్షమించడానికి గోడవైపు తిరిగిందో, నాకిక తెలిసే దారి లేదు.